రెండో గడ్డం

భర్త "ఊఁ" అన్నాడు. టీచరు గుండెలో రాయి పడింది.

ఊఁ అంటే తప్పేమిటి, లోకంలో మొగుళ్ళందరూ పెళ్ళాల మాటకు ఊఁ కొట్టుకుంటూనే కాపురాలు నెట్టుకొస్తున్నారు కదా అనొచ్చు. కానీ ఈ ఇంటి సంగతి వేరు. ఆయనకు రెండు చెవులూ బొత్తిగా వినపడవు. వీధిలో ఎవరు పలకరించినా, బస్సులో పక్కసీటు పెద్దమనిషి తన గోడంతా వెళ్ళబోసుకున్నా, అర్థమైనా కాకపోయినా తల ఊపి ఊఁ అంటాడు. అది పైవాళ్ళకిచ్చే ఊఁ. ఇంట్లో మాత్రం భార్య పెదవులు చదువుతాడు. ఒక్క ముక్క జారినా "మళ్ళీ చెప్పు" అంటాడు. పదిసార్లయినా చెప్పించుకుంటాడు గాని, ఉత్తుత్తి ఊఁ ఆమెకు ఏనాడూ ఇవ్వలేదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా.

ఆమె అడిగింది, "కుళాయి కట్టేశారా? నీళ్ళు పోతున్నట్టున్నాయి" అని. దానికి ఊఁ జవాబు కాదు. పెరటి కుళాయి కారుతూనే ఉంది.

టీచరు తనే వెళ్ళి కట్టేసింది. వచ్చేటప్పుడు వాష్‌బేసిన్ మీద అద్దం ముందు ఆగి, అలవాటైన పరీక్ష ఒకటి పెట్టుకుంది. నవ్వింది. కింది పెదవి కుడి సగం దిగి పళ్ళు కనిపించాయి. ఎడమ సగం మాత్రం, అలిగి మూల కూర్చున్న చుట్టంలా, ఎక్కడిది అక్కడే ఉంది. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది.

ఇదంతా ఆయన వేసిన ఒక జోకుతో మొదలైంది.

రెండు నెలల కిందట, అన్నం తింటూ, ఆమె బడి విశేషాలు చెబుతుంటే ఆయన చెయ్యి ఆపి, "టీచరమ్మా, పైన నువ్వు మాట్లాడుతుంటే కింద ఇంకో గడ్డం కూడా ఏదో చెబుతోంది. నేనెవరి మాట వినాలి?" అన్నాడు. ఆయనకు తన గొంతు తనకు వినపడదు కనుక వీధిలోకి వినపడేలా అన్నాడు. ఆమె కూడా పడీపడీ నవ్వింది. చెయ్యి కడుక్కుంటూ అద్దంలో చూసుకుంటే నవ్వు ఆగిపోయింది. గడ్డం కింద మెత్తగా, వేలాడుతూ, మాట మాటకీ ఊగుతూ నిజంగానే ఉంది ఒకటి.

మిగతా ఆడవాళ్ళ మొగుళ్ళు వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి పెళ్ళాం మొహం చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. ఈయన అలా కాదు. మెలకువగా ఉన్నంతసేపూ ఈమె మొహమే చూడాలి. అది ఆయనకు రేడియో, టెలిఫోను, సమస్తం. అంతసేపు చూడక తప్పని మొహం కాస్త బాగుండాలని ఆమెకు అనిపించింది. యాభై దాటాక ఇదేం పిచ్చి అని కూడా అనిపించింది. ఈ రెండు ఆలోచనల మధ్యా నలుగుతున్న మనిషిని చెల్లెలు పట్టుకుంది. చెల్లెలు బట్టల దుకాణంలో కౌంటరు దగ్గర పని చేస్తుంది. ఊళ్ళో ఎక్కడ ఏది దొరుకుతుందో, ఎవరు ఎందుకు అందంగా కనపడుతున్నారో ఆమెకు తెలియనిది లేదు.

"సూదితో కొవ్వు కరిగిస్తారక్కా. మూడు నాలుగు సార్లు వెళ్ళాలి, నెలకోసారి. కత్తి లేదు, కుట్టు లేదు."

"గడ్డం తీయించుకోడానికి డాక్టరెందుకే? బార్బరు షాపు చాలదా?"

"ఆ గడ్డం వేరు, ఈ గడ్డం వేరు. అది గొరిగితే పోతుంది, ఇది కరిగితే పోతుంది." చెల్లెలు తన మాటకు తనే మురిసిపోయి, తర్వాత గొంతు తగ్గించింది. "బావకి చెప్తావా?"

"చెప్పను. నువ్వు నోరు జారావో, చంపేస్తా."

చెప్పకపోవడానికి కారణం ఉంది. పదకొండేళ్ళ కిందట ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. రోజుకు రెండు సూదుల చొప్పున మూడు వారాలు పొడిచారు. ప్రాణం నిలిచింది. నిలిపిన మందే పోతూ పోతూ చెవులు పట్టుకుపోయింది. ఆ డాక్టర్లను ఆయన ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజునుంచీ ఇంట్లో సూది అన్న మాట కూడా ఎవరూ ఎత్తరు. చొక్కా గుండీ ఊడితే "దారం అందుకో" అంటారు. అలాంటి ఇంట్లో, జబ్బూ జ్వరమూ లేకుండా, షోకు కోసం గొంతు దగ్గర సూదులు పొడిపించుకుంటానని ఏ నోటితో చెబుతుంది?

క్లినిక్‌లో డాక్టరమ్మ మంచిదే. తొందరపెట్టలేదు. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, దవడ ఎముక వెంట తెల్ల పెన్సిలుతో ఒక గీత, దానికి బొటనవేలంత కింద మరో గీత గీసింది. "ఈ రెండు గీతల మధ్య నరం పోతుంది. కింది పెదవిని కిందికి లాగే నరం. దాని జోలికి మనం పోం. అయినా నూటికి ఏ నలుగురికో అది కొంచెం దెబ్బతిని, నవ్వు కొన్ని వారాలు వంకరవుతుంది. సాధారణంగా దానంతటదే సర్దుకుంటుంది" అని చెప్పి, "మీరేం పని చేస్తారు?" అని అడిగింది.

"రెండో తరగతి టీచర్ని."

ఇంట్లో భర్త కోసం పెదవులతో చేసే పని సంగతి చెప్పలేదు. అది పని అని అప్పటికి ఆమెకు తోచలేదు. నూటికి తొంభై ఆరుగురిలో తను ఉంటుందనుకుంటూ కాగితం మీద సంతకం చేసింది. చుక్కల కాగితం ఒకటి గడ్డం కింద అద్ది, ఆ చుక్కల మీద ఇరవై పైచిలుకు పోట్లు పొడిచారు. నిప్పు అంటించినట్టు మండింది. ఐసు గడ్డ పెట్టారు.

వారం రోజులు గొంతు కప్ప గొంతులా ఉబ్బింది. బడికి సెలవులు కావడం మంచిదయింది. భర్తకు పన్ను తీయించుకున్నానని చెప్పింది. ఆయన నమ్మాడు. నమ్మి, పొద్దున్నే లేచి ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తీసి, పాత తువ్వాలులో మూటగట్టి, ఆమె దిండు పక్కన పెట్టి పనిలోకి వెళ్ళేవాడు. కళ్ళు తెరిస్తే ఆ తడి మూట కనపడేది. సూదుల మంట ఏపాటి, దాని ముందు?

వాపు దిగాక వంకర బయటపడింది. తను నూటికి ఆ నలుగురిలో పడింది. పరుగున వెళ్తే డాక్టరమ్మ నవ్వమంది, ఈల వెయ్యమంది, ఇ అనమంది, ఊ అనమంది. "నరం తెగలేదమ్మా, అలిగింది. ఆరు వారాలు చూడండి. కొందరికి ఇంకాస్త పడుతుంది. వస్తుందనే నా నమ్మకం. ఒట్టేసి మాత్రం చెప్పలేను."

ఒట్టెయ్యని డాక్టరు నిజం చెప్పే డాక్టరు, అనుకుంది టీచరు. ఆ నిజమే భయం పుట్టించింది.

బళ్ళో పిల్లలకు అది వింత. ఒక పిల్ల "టీచర్ సగమే నవ్వుతోంది" అని పక్కపిల్లతో పందెం కట్టింది. అంతకు మించి ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. చెవులున్నవాళ్ళకు అది చిన్న వంకర. కళ్ళతో వినేవాడికి అలా కాదు.

పెదవులు చదవడం అసలే గుడ్డివాడి చేతిలో దారప్పోగు లాంటిది. అద్దం ముందు నిలబడి పాట, బాట, మాట అని చూడండి. పెదవులకు మూడూ ఒకటే. ఆయన కొత్తగా చదవడం నేర్చుకునే రోజుల్లో ఆమె పరిగెత్తుకొచ్చి "మామ వచ్చాడు" అని చెబితే, "పామొచ్చిందా!" అని ఆయన కర్ర తీసుకుని వాకిట్లోకి దూకాడు. మిఠాయి పొట్లంతో నిలబడ్డ ఆమె మేనమామ రెండేళ్ళ దాకా ఆ గడప తొక్కలేదు. అక్కణ్ణించి మొదలుపెట్టి, మాట వెనక మాట, ఏడాది వెనక ఏడాది, ఇంట్లో ఎవరూ కాగితం మీద రాసి చూపనక్కర్లేనంత దూరం వచ్చారు ఇద్దరూ.

ఇప్పుడు ఎడమ పెదవి దిగక ఆ అన్నది ఓ అన్నట్టు, ఊ అన్నట్టు కనపడుతోంది. ఒక సాయంత్రం "వస్తూ పాలు తెండి" అంటే ఆయన పూలు తెచ్చాడు. తడి ఆకులో చుట్టి, కాస్త సిగ్గుపడుతూ చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళకు పెళ్ళాం పూలడిగిందని మురిసినట్టున్నాడు. ఆమె పూలు తీసుకుని, బుద్ధి లేక, "పాలేవి?" అంది. ఆయన మొహంలో దీపం ఆరిపోయింది.

ఆ తర్వాతే ఈ ఊఁ మొదలైంది. ఆపైన ఆయన ఆమె వైపు చూడడం కూడా తగ్గించాడు. కిటికీ వైపు కుర్చీ తిప్పుకుంటున్నాడు. నా వంకర మూతి చూడలేకపోతున్నాడు అనుకుంది టీచరు. చెప్పేయాలి, చెప్పేయాలి అని రోజూ అనుకోవడం, రేపటికి పెదవి కదులుతుందేమో, అప్పుడు చెప్పాల్సిన పనే ఉండదేమో అని వాయిదా వెయ్యడం. ఇలా మూడు వారాలు గడిచాయి.

ఆ సోమవారం పొద్దున ఆయన పనిలోకి వెళ్ళాక, బట్టలు నానబెట్టే ముందు జేబులు వెతికింది. మొన్నటి చొక్కాలో రెండు కాగితాలు దొరికాయి. మొదటిది కంటి ఆసుపత్రి చీటీ. చూపు బాగానే ఉంది, ఇబ్బంది తగ్గకపోతే మెదడు నరాల డాక్టరుకు చూపించుకోండి అని రాసి ఉంది. రెండోది ఆయన చేతిరాత. కొట్టివేతలు, దిద్దుబాట్లు. ఉత్తరానికి చిత్తుప్రతి.

"అయ్యా, నాకు చెవులు లేకపోయినా కళ్ళున్నాయని నన్ను లేతు మీద ఉంచారు. మూడు వారాలుగా నా కళ్ళ ముందున్నది నాకు అర్థం కావడం లేదు. కంటి డాక్టరు కళ్ళు బాగున్నాయన్నాడు. అంటే జబ్బు తలలో ఉంది. నా వల్ల పక్కవాడికి ప్రమాదం రాకముందే నన్ను లేతు మీంచి తప్పించి, కళ్ళతో అవసరం లేని పని ఏదైనా ఇప్పించండి. సోమవారం నుంచి."

చివరి వాక్యం మూడు రకాలుగా రాసి రెండు కొట్టేశాడు. కొట్టేసిన వాక్యాల్లో ఒకటి చదవగలిగింది: "మా ఆవిడకు ఇంకా చెప్పలేదు."

ఆయన ఆమె వంకర మూతి చూడలేక అటు తిరిగి కూర్చోలేదు. చూసినా అర్థంకాదేమోనన్న భయంతో తిరిగి కూర్చున్నాడు. ముందు చెవులు పోయాయి, ఇప్పుడు బుర్ర పోతోందని, ఆ సంగతి ఆమెకు తెలియకూడదని, ఇంట్లో ఆమెకే ఊఁ కొట్టాడు. తను దాచింది గోరంత. దాని వల్ల ఆయన దాస్తున్నది కొండంత.

బడికి ఫోను చేసి పూట సెలవు చెప్పింది. బస్సు కదిలిపోతుంటే చెయ్యి ఎత్తింది. కండక్టరు చూసి ఆపించాడు. చిల్లర కోసం తడుముకుంటుంటే "ముందు కూర్చోండమ్మా, తర్వాత ఇద్దురు" అన్నాడు. అలాంటి రోజున అంత మాట చాలు, కళ్ళు నిండడానికి. ఎనిమిదింటికి పని మొదలు. మేనేజరు పదింటికి వస్తాడు. ప్రతి స్టాపులోనూ బస్సు ఎందుకాగుతోందో ఆమెకు అర్థం కాలేదు.

నీళ్ళ పంపులకు షాఫ్టులు చేసే వర్క్‌షాపు అది. పొడుగాటి రేకుల షెడ్డు, వరసగా ఇనుము చెక్కే లేతు మిషన్లు, వేడి నూనె వాసన, నేలంతా చుట్టలు చుట్టిన ఇనుప పొట్టు. లోపల అడుగుపెడితే ఎవరికి ఎవరి మాటా వినపడదు. ఆ షెడ్డులో అందరూ చెవిటివాళ్ళే. ఆయనకొక్కడికే అక్కడ ఏ లోటూ లేదు.

లేతు ముందున్న మనిషిని వెనకనుంచి తాకకూడదని ఆమెకు తెలుసు. ఎదురుగా, వెలుతురు పడేచోట నిలబడింది. తిరుగుతున్న ఇనుప కడ్డీ మీద ఆయన చూపు ఉంది. ఉలి మొన దగ్గర పొట్టు సన్నని తీగలా లేస్తోంది. ఆ చేతుల్లో తడబాటు లేదు. పొట్టు తెగింది, ఆయన తలెత్తాడు, చూశాడు, మిషను ఆపాడు.

"ఏమైంది? మీ చెల్లెలికేమైనా..."

"మీ కళ్ళకేం కాలేదు" అంది ఆమె. "బుర్రకేం కాలేదు. నా నోరే..."

ఆయన కళ్ళు ఆమె పెదవుల మీద వెతుకులాడాయి. నుదుటి మీద చెమట పట్టింది. "ఊఁ" అన్నాడు.

మిషను అంచు మీద, ఇనుము మీద గుర్తులు పెట్టే సుద్దముక్క ఉంది. టీచరు అది తీసుకుంది. గోడకు ఆనించిన ఇనుప రేకు మీద రెండో తరగతి పిల్లలకు రాసే గుండ్రటి అక్షరాలతో రాసింది.

"మీ కళ్ళు బాగున్నాయి. నా నోరు పాడైంది."

ఆయన చదివాడు. ఆమెను చూశాడు. మళ్ళీ చదివాడు. ఆమె కింద రాసింది: "గడ్డం కింద కొవ్వు కరగాలని సూదులు వేయించుకున్నాను. ఎడమ పెదవి నరానికి తగిలింది. పన్ను కాదు." సూదులు అనే మాట దగ్గర సుద్ద విరిగింది.

ఆయన పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"అయితే నాకేం కాలేదా?" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, మోయలేని బరువు దించినవాడిలా, పెద్దగా ఊపిరి వదిలాడు. అది పూర్తయ్యాక కోపం వచ్చింది.

"సూదా? సూదులు పొడిపించుకున్నావా? నువ్వా?"

అంత హోరులోనూ పక్క మిషను మనిషి తిరిగి చూశాడు. చెవుల్లో దూది పెట్టుకున్న ఫోర్‌మన్ కూడా చూశాడు. వచ్చి రేకు మీద రాత చదివాడు. ఇద్దర్నీ అద్దాల గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూశాడు. హోరు సగమైంది.

"పొద్దున్నే ఇచ్చాడు ఉత్తరం" అన్నాడు దూది తీస్తూ. "మేనేజరుగారి టేబుల్ మీద పెట్టమన్నాడు. నాకా చేతిరాత అర్థం కాలేదమ్మా. మధ్యాహ్నం దాకా అర్థం కాకూడదనుకున్నా."

జేబులోంచి ఉత్తరం కొస కనపడుతోంది. టీచరు చేతులు జోడించబోయింది.

"ఆగండి. ఇప్పుడు అర్థమవుతోంది, అదే చిక్కు. మీరు ఆయన్ని కాపాడుకోడానికి ఇలా చెబుతున్నారేమో నాకేం తెలుసు? అది లేతు టీచరుగారూ. వేలు పోతే మళ్ళీ మొలవదు. చదవగలడని నాకు చూపించండి. నేనొక మాట చెప్తా, మీరు గొంతు లేకుండా చెప్పండి. ఆయన నాకు చెప్పాలి."

చెవి దగ్గర వంగి చెప్పాడు. ఆమె భర్త ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా, అలవాటు కంటే నెమ్మదిగా అంది. ఆయన చూశాడు. "రేపు" అన్నాడు. ఆగిపోయాడు. ఆమె మళ్ళీ అంది. "రేపు పొద్దున..." ఆ పైన దారి లేదు. మూడోసారి పెదవులు ఎక్కువగా కదిలించింది. వంకర ఇంకా పెరిగింది. ఫోర్‌మన్ తలుపు వైపు చూపు తిప్పుకున్నాడు. దయగల మనిషి అలా తిప్పుకుంటే అర్థమేమిటో ఆమెకు తెలుసు.

"ఆగు" అన్నాడు భర్త.

కుర్చీ దగ్గరికి జరుపుకుని, తేడా వచ్చిన షాఫ్టును చూసినట్టు, ఆమె మొహాన్ని చూశాడు. కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి. ఆ చూపులో భార్య లేదు, కోపం లేదు, పని ఉంది. తర్వాత అరచెయ్యి చొక్కాకు తుడుచుకుని చాపి, ఆమె నోటి ఎడమ సగాన్ని మూసేశాడు.

"తప్పు చూపించే సగం నాకెందుకు? ఇప్పుడు చెప్పు."

ఆమె చెప్పింది. నూనె వాసన ముక్కులోకి కొడుతోంది.

"రేపు పొద్దున పండిలో... కాదు, బండిలో. బండిలో మూడు పంపులొస్తాయి." ఆయన గొంతు కొంచెం పెరిగింది. "పాతవి... పాతవి మయట... బయట! పాతవి బయట పెట్టండి."

ఫోర్‌మన్ ఉత్తరం తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆయన చొక్కా జేబులో కుక్కాడు. "నాకు అర్థం కాలేదు, తీసుకుపో" అని పెద్దగా, పెదవులు కనపడేలా అన్నాడు. అది చదవడానికి చెయ్యి అడ్డం పెట్టనక్కర్లేకపోయింది.

"బ దగ్గర ఎందుకు తడబడ్డాడు?" అన్నాడామెతో.

ఆ ప్రశ్న ఆమె తిప్పి అడిగితే భర్త వింతగా చూశాడు. "నీకు తెలీదా? నువ్వు బ అన్నప్పుడు ఎడమవైపు పెదవి కొంచెం కిందికి లాగుతావు. ప కి లాగవు, మ కి లాగవు. నేను దాంతోనే పట్టుకునేవాణ్ణి. మూడు వారాలుగా నీ నోట్లో బ లేదు."

ఆమెకు నిజంగా తెలియదు. ఎవరూ చెప్పందే తన మొహంలో అలాంటిదొకటి ఉందని ఎవరికి తెలుస్తుంది?

"సాయంత్రం పోట్లాడదాం" అన్నాడాయన లేస్తూ. "ఇప్పుడు పనుంది."

పోట్లాట అయిదున్నరకు మొదలైంది. వంటింటి బల్ల దగ్గర, కిటికీ వెలుతురు ఆమె మొహం మీద పడేలా కూర్చున్నారు. ఆయన చెయ్యి ఆమె ఎడమ బుగ్గ మీద, నోటి దాకా ఉంది. మొహం పట్టుకుని కసిరితే కసిరినట్టుండదు. అయినా ఆయన వదల్లేదు.

"పన్ను అని చెప్పావు. ఐసు మూటలు కట్టించావు."

"తప్పే."

"ఎందుకు చేశావు?"

"మీరే అన్నారు. కింద ఇంకో గడ్డం మాట్లాడుతోందని."

"నేనా? ఎప్పుడు?" ఆయనకు నిజంగానే గుర్తులేదు. "పోనీ తగ్గిందా అది?"

"కొంచెం."

వంగి చూశాడు. "ఏమో. నేను పెదవి దాటి కిందికి ఎప్పుడు చూశాను గనక? ఆ జోకు ఎలా వేశానో కూడా తెలీటం లేదు." కాసేపాగి అడిగాడు. "ఈ పెదవి తిరిగొస్తుందా?"

"వస్తుందన్నారు."

"నా చెవులు కూడా వస్తాయన్నారు."

ఆమె ఆయన చేతికింద తన పెదవి కదలాలని లోపల్లోపల గట్టిగా లాగి చూసుకుంది. ఏమీ కదల్లేదు. బయట ఎవరో సైకిలు స్టాండు వేశారు. ఆ చప్పుడు ఆమెకొక్కదానికే వినపడింది.

"ఇంకెన్ని సూదులున్నాయి?"

"ఇంకో రెండుసార్లు రమ్మన్నారు." ఆమె తల పైకెత్తింది. "వేయించుకోను."

ఆమె బుగ్గ మీద చెయ్యి సన్నగా వణికింది. తర్వాత ఎప్పుడూ లేనిది, ఎవరో చెవిలో నేర్పినట్టు, తగ్గు గొంతుతో అన్నాడు.

"నీ ఇష్టం. వేయించుకో. కాకపోతే ఈసారి నేనూ వస్తాను. పక్కన కూర్చుంటాను."

ఆమెకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వేయించుకోను అంటే ఆయనకు వేయించుకోనా అని కనపడింది. ఉన్న సగం పెదవి మీద ను కీ నా కీ తేడా అందలేదు. మానేస్తానని ఆమె చెబితే, మళ్ళీ వెళ్ళనా అని అడుగుతోందనుకుని, భయంతో వణికే చేత్తో ఆయన సరేనన్నాడు.

తల అడ్డంగా ఊపుదామంటే మొహం ఆయన చేతిలో ఉంది. మళ్ళీ చెబుదామనుకుంది. రోజంతా పిల్లల తప్పులు దిద్దే మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం కాసేపు దిద్దకుండా ఉంచుకుంది.